పేరు ఆఖర్న చూడాలి: టోక్యో నుంచి ఇజుమో దాకా పాత కత్తుల వెంట

గురువారం, ఉయెనో

టోక్యో నేషనల్ మ్యూజియంలో జపాన్ కళాఖండాలు ఉండే పెద్ద భవనాన్ని హోన్‌కాన్ అంటారు. దాని కింది అంతస్తులోనే కత్తుల గది. పొద్దున తలుపులు తీయగానే నేనూ, మా మేనల్లుడూ లోపలికి వెళ్లాం. వాడు టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. పాత జపాన్ కత్తి ఒకటి కొనాలని వాడి కోరిక. డబ్బు తీసే ముందు మంచివి కళ్లారా చూడాలని, వాటిని తయారుచేసిన ఊరికీ, ఆ ఉక్కు పుట్టిన కొండలకూ కూడా వెళ్లాలని పట్టుబట్టింది నేనే.

ఈ గదిలో ఒకే కత్తిని ఏడాదంతా ఉంచరు, మారుస్తూ ఉంటారు. ప్రసిద్ధమైన 'మికజుకి మునెచికా' ఈసారి లేదు. దాని బదులు నేను ఎన్నాళ్లుగానో చూడాలనుకున్న 'దాయ్‌హన్యా నాగమిత్సు' ఉంది. 13వ శతాబ్దంలో బిజెన్ ప్రాంతపు ఒసాఫునే ఊళ్లో నాగమిత్సు చేసిన తాచి, అంటే పదును కిందికి ఉండేలా నడుముకు వేలాడదీసే పొడవు కత్తి ఇది. అషికగా వంశపు షోగన్ల, అంటే సైనిక పాలకుల, కాలంలో దీనికి 600 కాన్ల వెల కట్టారు. కాన్ అంటే ఆనాటి నాణేల లెక్క. మహాప్రజ్ఞాపారమితా సూత్రం జపాన్‌లో 600 సంపుటాల గ్రంథం, దాన్ని వాళ్లు దాయ్‌హన్యా అంటారు. 600కి 600 సరిపోయిందని కత్తికి ఆ పేరు పెట్టారు. మన నాగార్జునుడి కథల్లో వినిపించే ప్రజ్ఞాపారమిత ఒక కత్తి వెలలో ఎదురుపడేసరికి అద్దం ముందు కాసేపు అలాగే నిలబడిపోయాను. ఆ తర్వాత అది యుద్ధప్రభువు ఓదా నోబునాగా చేతికి, అక్కడి నుంచి తర్వాత షోగన్ అయిన తోకుగవా ఇయెయాసు చేతికి వెళ్లింది. నాగషినో యుద్ధంలో కోటను కాపాడినందుకు ఒకుదాయిరా నోబుమసాకు బహుమానంగా దక్కింది.

కత్తిని చూడటానికీ ఒక పద్ధతి ఉంది. నిటారుగా నిలబడితే మెరుపు తప్ప ఏమీ కనిపించదు. మోకాళ్లు కొంచెం వంచి, పైనున్న దీపం కత్తి మీద ప్రతిఫలించే చోటు వెతుక్కుని, ఆ వెలుగు అంచున చూడాలి. అప్పుడే పదును వెంట తెల్లటి గీత బయటపడుతుంది. దాన్నే హమోన్ అంటారు. నాగమిత్సు కత్తిలో అది లవంగ మొగ్గలు వరసగా పేర్చినట్టు ఎగుడుదిగుడుగా సాగుతుంది. ఆ రకానికి పేరే చోజి, అంటే లవంగం. హమోన్‌కీ వెన్నుకీ మధ్య ఉక్కు మీద మరో లేత నీడ ఉంటుంది. అది ఉత్సురి. పాత బిజెన్ కత్తుల్ని పట్టించే గుర్తుల్లో ఇది ముఖ్యమైనది. దాన్ని మళ్లీ తెప్పించడానికి ఈ కాలపు కమ్మరులు ఎంతో శ్రమపడ్డారు.

ముందు ఆకారం చూడమని వాడికి చెప్పాను. పేరు కాదు, మెరుపు కూడా కాదు. పిడి దగ్గర బాగా వంగి, మొనకు వచ్చేసరికి సన్నబడితే అది 12వ శతాబ్దపు హేయాన్ కాలం చివరిదో, దాని తర్వాతి కామకురా కాలం మొదటిదో అయ్యుంటుంది. వెడల్పుగా, పొడుగ్గా, పెద్ద మొనతో ఉంటే 14వ శతాబ్దపు నాన్‌బొకుచో. పొట్టిగా, ఒంటిచేత్తో దూయడానికి వీలుగా, వంపు మొన వైపు జరిగి ఉంటే మురోమాచి కాలం చివరి, అంటే 16వ శతాబ్దం దాకా సాగిన యుద్ధాల కాలం. పెద్దగా వంపు లేకుండా మొన వైపు సన్నబడుతూ పోతే 1660ల నాటి కాన్‌బున్ ఆకారం. ఆకారం కాలాన్ని చెబుతుంది. ఉక్కు మీద మడతల ఛాయ ఏ ప్రాంతమో, ఏ సంప్రదాయమో చెబుతుంది. హమోన్, మొన లోపల అది తిరిగే తీరు చేసినవాణ్ని చెబుతాయి. చేసినవాడి పేరు చెక్కి ఉండే తోకను, అంటే పిడి లోపల దాగే నకాగోను, చివరిగా చూడాలి.

"అంత వివరం తోక మీదే రాసి ఉంటే ముందే చూసేస్తే పోలా మామయ్యా?" అన్నాడు.

"పేరు చెక్కడానికి ఒక ఉలి చాలురా. ఉక్కును అలా తయారుచేయడానికి ఉలి చాలదు" అన్నాను.

శుక్రవారం, ర్యోగోకు

సుమో పోటీలు జరిగే కొకుగికాన్‌కు దగ్గర్లో, పాత యసుదా తోట పక్కన కత్తుల మ్యూజియం ఉంది. 2018 జనవరిలో యోయోగి నుంచి ఇక్కడికి మారింది. దీన్ని నడిపేది జపాన్ కళాఖడ్గాల పరిరక్షణ సంఘం. కత్తులు సేకరించేవాళ్లంతా ఎన్‌బీటీహెచ్‌కే అని పొట్టిగా పిలుస్తారు.

ఈ సంఘం ఎందుకు పుట్టిందో తెలిస్తే కత్తుల మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. 1945లో ఓటమి తర్వాత ఆక్రమణ సైన్యం దేశమంతటా ఆయుధాలు అప్పగించమంది. ఇళ్లల్లో తరతరాలుగా దాచిన కత్తులు గుట్టలుగా పోలీసు స్టేషన్లకు చేరాయి. కరిగించినవి కొన్ని, సముద్రంలో పారేసినవి కొన్ని, సైనికులు జ్ఞాపకంగా పట్టుకుపోయినవి కొన్ని. ఆ డిసెంబరులోనే తోకుగవా ఇయెమసా తమ వంశం దగ్గరున్న హోంజో మసమునేను మెజిరో పోలీసు స్టేషన్లో అప్పగించాడు. 1939లో జాతీయ సంపదగా ప్రకటించిన కత్తి అది. ఆ తర్వాత నేటికీ దాని ఆచూకీ లేదు. ఇది ఆయుధం మాత్రమే కాదని, కళాఖండమని అమెరికా అధికారి కల్నల్ క్యాడ్వెల్‌ను ఒప్పించిన హోన్మా జున్జీ లాంటి పండితులు లేకపోతే నిన్న చూసినవాటిలో ఎన్ని మిగిలేవో. టోక్యోలోని అకబానే డిపోలో పోగైన కత్తుల్లోంచి కళావిలువ ఉన్న వేలాది కత్తుల్ని వేరుచేసి కాపాడారు. 1948లో సంఘం ఏర్పడింది. ఈ చరిత్ర తెలియకుండా పాత కత్తి కొనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఇప్పుడు సంఘం చేసే పనుల్లో సేకర్తలకు బాగా తెలిసింది కత్తి అసలుదేనని ధ్రువీకరించే కాగితాల జారీ. వాటిలో నాలుగు మెట్లు. హొజోన్, దానిపైన తోకుబెత్సు హొజోన్, తర్వాత జూయో, అన్నిటికన్నా పైన తోకుబెత్సు జూయో. ఈ పనికి పాత వంశం ఒకటి ఉంది. మురోమాచి కాలం నుంచి హోనామి కుటుంబం షోగన్ల కత్తులకు సాన పట్టేది, విలువ కట్టేది. 16వ శతాబ్దం చివర్లో దేశాన్ని ఏలిన హిదెయోషి కాలంలో ఆ పనికి పెద్ద హోనామి కోతోకు. సంతకం లేని కత్తి చేసినవాణ్ని తేల్చి తోక మీద బంగారంతో పేరు పొదిగించేవాడు. మడిచిన గట్టి కాగితం మీద నిర్ణయంతో పాటు వెల కూడా రాసిచ్చేవారు. 1719 ప్రాంతంలో షోగన్ యోషిమునే ఆజ్ఞతో దేశంలోని పేరున్న కత్తుల జాబితాను తయారుచేసింది కూడా వాళ్లే.

సాయంత్రం ఒక చిన్న అధ్యయన బృందంతో కూర్చునే అవకాశం దొరికింది. ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన గంటలు అవే. బల్ల మీద తివాచీ, దాని మీద ఒరలోంచి తీసిన కత్తులు, తోకకు గుడ్డ చుట్టి కట్టేశారు. ఒక్కొక్కరం వంతు వచ్చినప్పుడు తలవంచి నమస్కరించి, కత్తిని రెండు చేతులా అందుకోవాలి. కత్తి చేతిలో ఉండగా మాట్లాడకూడదు. నోటి తేమ చుక్క తగిలినా ఉక్కు మీద మచ్చ పడుతుంది. వేలు ఉక్కుకు తగలకూడదు. పెద్దాయన ఒకరు మెత్తటి కాగితంతో పాత నూనె తుడిచారు. గది నిండా లవంగ నూనె వాసన. మామూలు బల్బు ఒకటి వేలాడుతోంది. దాని వెలుగు హమోన్ మీద పడేలా పట్టుకుని మొన నుంచి తోక దాకా కదిపి చూస్తే, ఉక్కు గింజలు సన్నటి చుక్కల్లా మెరిశాయి. కంటికి విడివిడిగా కనిపించే పెద్ద గింజ నీయె, విడిగా కనపడక పొగలా పరుచుకునేది నియోయి. కామకురా ఊరున్న సగామి ప్రాంతపు కత్తుల్లో మొదటిది ఎక్కువ, బిజెన్‌లో రెండోది ఎక్కువ.

చూశాక చీటీ మీద కమ్మరి పేరు రాసి ఇవ్వాలి. సరిగ్గా చెప్తే 'అతారి'. గురువు పేరో, శిష్యుడి పేరో రాస్తే 'దోజెన్', అది కూడా దాదాపు సరైనట్టే. కాలం ఒక్కటే కుదిరితే దానికో మాట, ఏదీ కుదరకపోతే ఇంకో మాట. నా చీటీల్లో ఒకదానికి దోజెన్ వచ్చింది. తర్వాత గుడ్డ విప్పి సంతకం చూపించారు. అప్పటికే మనం ఉక్కును చదివేశాం కాబట్టి, సంతకం మనం చదివిన దానికి సాక్ష్యం అవుతుందంతే. మేనల్లుడు అది కళ్లారా చూశాడు. దారిలో నేను ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది.

శనివారం, గింజా వైపు

పాత కత్తులమ్మే దుకాణానికి వెళ్లాం. చిన్న గది, యజమాని మర్యాదస్తుడు. మేనల్లుడి కళ్లు సూటిగా ఒక వకిజాషి, అంటే పొట్టి కత్తి, మీద పడ్డాయి. తోక మీద 'కోతెత్సు' అని సంతకం. 17వ శతాబ్దపు నాగసోనే కోతెత్సు కవచాలు చేసే పని మానేసి నడివయసు దాటాక కత్తుల్లోకి వచ్చాడు. పూసలు గుచ్చినట్టుండే హమోన్‌కు పేరు మోశాడు. ఆయన బతికుండగానే నకిలీలు మొదలయ్యాయి. ఇది కోతెత్సు అనగానే ముందు అనుమానించాలని కత్తుల లోకంలో చిన్నపిల్లవాడికీ తెలుసు.

యజమాని వెదురు మేకును చిన్న ఇత్తడి సుత్తితో తట్టి తీశారు. పిడి పట్టుకున్న చేతి మణికట్టు మీద రెండో చేతి పిడికిలితో మృదువుగా కొట్టగానే తోక బయటకు జారింది. నేను వాడికి చూపించాను. తుప్పు అంతటా ఒకే రంగులో, కాస్త ఎర్రగా ఉంది. మూడు వందల ఏళ్ల తోకకు అలాంటి తుప్పు ఉండదు. ముదురు గోధుమ రంగు దాటి నల్లగా, లోతుగా దిగి ఉంటుంది. ఉలి గీతల అంచులు ఇంకా పదునుగా వేలికి తగులుతున్నాయి. గీత లోపలి తుప్పుకూ చుట్టుపక్కల తుప్పుకూ రంగు కలవలేదు. అసలు కోతెత్సు తన పేరులోని అక్షరాన్ని తొలి రోజుల్లో ఒక తీరుగా, చివరి రోజుల్లో మరో తీరుగా చెక్కేవాడు. ఈ చెక్కినవాడు రెండూ కలిపేశాడు. యజమాని నవ్వి, "ఉక్కు మాత్రం బాగానే ఉంది, సంతకం వేరేవాడిది" అని ఆయనే చెప్పేశారు. ధర కూడా ఆ మేరకే పెట్టారు. నిజాయితీగల వ్యాపారి.

తర్వాత ఆయన ఒక పొట్టి కతానా, అంటే పదును పైకి ఉండేలా నడుములో దోపుకునే కత్తి, తీశారు. సుమారు 63 సెంటీమీటర్లు, తోక కూడా పొట్టిది, ఒంటిచేతికి సరిపడేది. వంపు మొన వైపు. మేనల్లుడు అడగకుండానే "మురోమాచి చివర" అన్నాడు. ఉక్కు మీద ఉత్సురి అక్కడక్కడే, ఉదయం చెరువు మీద విడిపోతున్న మంచులా. తోక మీద 'బిషూ ఒసాఫునే సుకెసదా' (బిషూ అంటే ఇక్కడ బిజెన్, సుకెసదా కమ్మరి పేరు), వెనక వైపు 16వ శతాబ్దపు తేదీ, ఎనిమిదో నెల. పాత కత్తుల తేదీల్లో రెండో నెల, ఎనిమిదో నెలే ఎక్కువ. హొజోన్ కాగితం ఉంది. రెండు చోట్ల చిన్న పొర లేచినట్టు లోపాలు, మొన దగ్గర పాత సాన అరిగింది. ధర కొన్ని లక్షల యెన్‌లు. కొనమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. "ముందు ఈ కత్తి పుట్టిన ఊరు చూద్దాం. వచ్చాక తేల్చుకో" అన్నాను. యజమాని బుధవారం దాకా పక్కన పెట్టారు. రాత్రి షిన్‌కన్‌సెన్‌లో ఒకయామా చేరాం.

ఆదివారం, ఒసాఫునే

ఒకయామా నుంచి అకో లైన్ రైలెక్కితే ముప్పావు గంటలోపే ఒసాఫునే స్టేషన్. చుట్టూ పొలాలు. యోషీ నది దగ్గర్లోనే ఉంది. కామకురా కాలం నుంచి మురోమాచి చివరి దాకా జపాన్‌లో అన్నిటికన్నా ఎక్కువ కత్తులు పుట్టింది ఇలాంటి చిన్న ఊళ్లలోనంటే ఇప్పుడు నమ్మడం కష్టం. చుగోకు కొండల ఇనుము, అడవుల బొగ్గు, నది మీద రవాణా, పక్కనే పడమటి దారి. 16వ శతాబ్దం చివర్లో నది వరదలకు కమ్మరుల వాడ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

ఇక్కడి కత్తుల మ్యూజియంలో నెలలో రెండో ఆదివారం కమ్మరి పని బహిరంగంగా చూపిస్తారు. మేం వచ్చింది ఆ రోజే. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మను దాగలి మీద పెట్టి, శిష్యులు పెద్ద సుత్తులతో వంతులవారీగా కొట్టారు. నీళ్లు చల్లిన సుత్తి పడగానే ఢామ్మని పేలింది, పైపొర మలినం ఎగిరిపోయింది. ముందు వరసలో కూర్చున్నవాళ్ల మీదికి కూడా నిప్పురవ్వలు వచ్చాయి. మధ్యలో గాటు పెట్టి మడిచి మళ్లీ అతికించారు. పది పదిహేనుసార్లు ఇలా మడిస్తేనే ఉక్కు మీద ఆ ఛాయ వస్తుంది. ఆ తర్వాత మట్టి పూత పూస్తారు. పదును వైపు పల్చగా, వెన్ను వైపు మందంగా. నిప్పుల్లో కాల్చి నీళ్లలో ముంచితే పల్చటి వైపు చప్పున చల్లారి గట్టిపడుతుంది, మందం వైపు నిదానంగా చల్లారి సాగే గుణం ఉంచుకుంటుంది. హమోన్ పుట్టేది ఆ క్షణంలోనే. నీళ్లలో చీలిపోయి నెలల శ్రమ పోయిన కత్తులు ఎన్నో. ఈ కాలంలో కమ్మరి కావాలంటే లైసెన్సున్న గురువు దగ్గర అయిదేళ్లు చేయాలి. ఆ తర్వాత కూడా పొడవు కత్తులు నెలకు రెండే చేయాలి.

ఈ ఊరి సుకెసదాల గురించి మ్యూజియంలో వివరంగా తెలుసుకున్నాం. యుద్ధాల కాలంలో ఆ పేరుతో ఎందరో కమ్మరులు పనిచేశారు. సైన్యాల కోసం గుంపులుగా చేసినవాటి మీద 'బిషూ ఒసాఫునే సుకెసదా' అని పొట్టిగా చెక్కేవారు. ఎవరైనా ప్రత్యేకంగా చేయించుకుంటే 'బిజెన్ దేశవాసి ఒసాఫునే యోసోజాయెమోన్‌నోజో సుకెసదా' లాంటి పూర్తి పేరు పడేది. మేనల్లుడి ముఖం వాడిపోయింది. "అయితే మనం చూసింది చవకరకమా మామయ్యా?" అన్నాడు. సైనికుడి నడుముకు వేలాడిన కత్తి అది, దానికి దాని విలువ ఉంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంది అన్నాను. గుంపులో చేసినదాంట్లోనూ ఆ కొంచెం ఉత్సురి వచ్చిందంటే ఆ చేతులు సామాన్యమైనవి కావు.

ఈ మ్యూజియం సొంత గర్వం సాన్‌చోమో. యుద్ధప్రభువు ఉయెసుగి కెన్షిన్ వంశంలో ఉన్న తాచి, ఫుకుఒకా ఇచిమోంజి శాఖ పని, జాతీయ సంపద. కొండపక్షి ఈకల్లా రేగిన హమోన్ కాబట్టి ఆ పేరంటారు. 50 కోట్ల యెన్‌లు పోగుచేసి, ఒసాఫునే ఉన్న సెతోఉచి నగరం 2020లో దాన్ని కొనుక్కుంది. దేశమంతటి నుంచి సామాన్యులు చందాలిచ్చారు. దాని మీద సంతకం లేదు. ఉక్కును, హమోన్‌ను బట్టే ఇచిమోంజి అని తేల్చారు. ఆ మాట వాడికి రెండుసార్లు చెప్పాను.

సోమవారం

మ్యూజియంలన్నీ సెలవు. యకుమో రైల్లో కొండలు దాటి మత్సుయె.

మంగళవారం, ఒకుఇజుమో

షింజి నుంచి కిసుకి లైన్ చిన్న రైలు నిదానంగా ఎక్కుతూ యోకోతా చేరుతుంది. కత్తులకు కావలసిన తమహగానే ఉక్కు ఇప్పటికీ ఇక్కడే పుడుతుంది. 1977లో ఎన్‌బీటీహెచ్‌కే మళ్లీ వెలిగించిన తతారా కొలిమి చలికాలంలో మాత్రమే పనిచేస్తుంది. దాంట్లోకి సందర్శకులను రానివ్వరు. కానీ దగ్గర్లోని తతారా మ్యూజియంలో పెద్ద తిత్తులూ, కొలిమి నమూనా, కెరా అనే ముడి ఉక్కు దిమ్మా ఉన్నాయి. మట్టితో పెట్టెలా కట్టిన కొలిమిలో మూడు పగళ్లు మూడు రాత్రులు ఇనుప ఇసుకా బొగ్గూ మార్చి మార్చి పోస్తారు. దాదాపు పది టన్నుల ఇసుక, పన్నెండు టన్నుల బొగ్గు మింగి చివరికి రెండున్నర టన్నుల కెరా దిమ్మ ఇస్తుంది. దాన్ని బయటకు తీయాలంటే కొలిమిని పగలగొట్టాల్సిందే. పనికి పెద్దను మురాగే అంటారు. మంట రంగు చూసి, చప్పుడు విని లోపల ఏం జరుగుతోందో ఆయన చెప్పాలి.

ఇసుక కోసం కొండల్ని తవ్వి కాలువల్లో కడిగారు. అలా చదునైన నేలలే ఇప్పుడు మెట్లమెట్లుగా వరి పొలాలు. సుసానో దేవుడు ఎనిమిది తలల పామును చంపితే దాని తోకలో కత్తి దొరికిందన్న కథ ఈ హీ నదీలోయదే.

ఇక్కడ నిలబడి నాకు కోనసముద్రం గుర్తొచ్చింది. నిజామాబాద్ జిల్లాలో మన కమ్మరులు మూసిన మట్టి మూసల్లో ఉక్కు కరిగించి చిన్న ముద్దలుగా తీశారు. ఆ ముద్దలు పర్షియా దాకా వెళ్లాయి. జపాన్‌లోనూ 17వ శతాబ్దం మొదట్లో ఎచిజెన్ యసుత్సుగు, తోకుగవా ఇయెయాసుకు కమ్మరి, తన కత్తుల తోకల మీద విదేశీ ఇనుముతో చేశానని గర్వంగా చెక్కుకున్నాడు. వాళ్లు దాన్ని నాన్‌బన్ ఇనుము అన్నారు. అది ఎక్కడిదన్నది పరిశోధకుల మధ్య చర్చ, ఆ చర్చలో భారతదేశపు ఉక్కు పేరు కూడా ఉంది. అది తేలే రోజు చూడాలని నాకు నిజంగా ఆశ.

బుధవారం, టోక్యో

వాడు సుకెసదానే కొన్నాడు. కత్తితో పాటు రిజిస్ట్రేషన్ కాగితం వచ్చింది. రకం, పొడవు, వంపు, మేకు రంధ్రాలు, సంతకం అన్నీ దాంట్లో ఉంటాయి. దుకాణంలోనే కొలిచి కాగితంతో సరిచూశాం. ఆ కాగితం లేని కత్తి జపాన్‌లో ఉంచుకోవడం నేరం. చేతులు మారిన 20 రోజుల్లోగా ఆ కాగితం ఇచ్చిన ప్రిఫెక్చర్ విద్యా బోర్డుకు తెలియజేయాలి. పక్కనే ఉన్న పోస్టాఫీసులో వాడు అప్పుడే పంపించేశాడు. దేశం దాటించాలంటే సాంస్కృతిక శాఖ అనుమతి వేరే కావాలి. వాడికిప్పట్లో ఆ అవసరం లేదు.

తోక తుప్పును గుడ్డతో కూడా రుద్దవద్దని గట్టిగా చెప్పాను. అది పోతే కాలానికి సాక్ష్యం పోయినట్టే. కొన్ని నెలలకోసారి పాత నూనె తుడిచి, కొత్త లవంగ నూనె పల్చగా రాయాలి. మొన దగ్గర అరిగిన సాన వాడికి నచ్చలేదు, వెంటనే కొత్తగా పట్టిస్తానన్నాడు. ఒక్కో సానకూ ఉక్కు కొంచెం పోతుంది. పైపొర అరిగి లోపలి మెత్తటి ఉక్కు బయటపడ్డ కత్తులు శుక్రవారం వాడూ చూశాడు. ఇది 500 ఏళ్లలో ఇప్పటికే ఎన్నో సానలు చూసింది. తుప్పు పాకడం లేదు, హమోన్ స్పష్టంగా ఉంది. అలాగే ఉంచమన్నాను, ఒప్పుకున్నాడు.